పాత బండికి కొత్త ఆయిలు పడదా?

"బాగా తిరిగిన బండి గేరుబాక్సు జోలికి పోకు. ఇన్నాళ్ళూ ఆ ఆయిలుతోనే నడిచింది, కొత్తది పోస్తే గేర్లు జారతాయి." ఈ మాట వినపడని మెకానిక్కు షెడ్డు మన పల్లెల్లో ఉండదేమో! ఇంజను ఆయిలు వేళకు మార్పించే రైతు కూడా గేరు ఆయిలు దగ్గరకొచ్చేసరికి వెనకాడతాడు. చదువుకున్నవాళ్ళు సైతం తల ఊపి ఊరుకుంటారు. సైన్సు విద్యార్థులమని చెప్పుకునే మనం ఈ నమ్మకాన్ని ఒక్కసారి గీటురాయి మీద పెట్టి చూడవద్దూ?

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. ఈ మాట గాలిలోంచి ఊడిపడలేదు, దీనికొక పుట్టిల్లుంది. అది ఆటోమేటిక్ కారు. 1939లో అమెరికాలో జనరల్ మోటార్స్ వారు 1940 మోడలు ఓల్డ్స్‌మొబైల్ కార్ల కోసం హైడ్రామాటిక్ గేరుబాక్సును తెచ్చారు. పెద్ద ఎత్తున తయారైన మొదటి పూర్తి ఆటోమేటిక్ గేరుబాక్సు అదే. ఈ జాతి గేరుబాక్సుల్లో రాపిడి పలకలు ఆయిలులోనే మునిగి ఉంటాయి. ఆయిలు ఒత్తిడి వాటిని ఒకదానికొకటి అదిమినప్పుడు గేరు పడుతుంది. పలకలు అరిగాక, ఆ పొడి కలిసిన పాత ఆయిలే కాస్తో కూస్తో పట్టు ఇస్తుందనీ, దాన్ని తీసేస్తే ఆ పట్టు కూడా పోతుందనీ వాదన. యంత్రం పెట్టి ఒత్తిడితో కడిగితే అడుగున పేరుకున్న మడ్డి కదిలి సన్నని దారుల్లో అడ్డం పడుతుందన్న భయం మరొకటి. ఈ రెండో దాంట్లో కొంత అర్థముంది. అందుకే అలాంటి బండికి కడగడం మాని, పాతది కిందికి వదిలి, వదిలినంత కొత్తది పోయడం మేలు.

ఆ కార్ల విషయంలో కూడా ఒక తిరకాసుంది. మనిషికి గేరు ఆయిలు ఎప్పుడు గుర్తొస్తుంది? గేరు జారడం మొదలయ్యాకే. అప్పటికి పలకలు అరిగిపోయే ఉంటాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు ఆయిలు మారుస్తాడు. నెల తిరక్కుండా బాక్సు మూలపడుతుంది. నింద మాత్రం కొత్త ఆయిలు మీద! కాకి వాలింది, తాటిపండు రాలింది. దీన్నే మన పెద్దలు కాకతాళీయం అన్నారు.

ఇక మన ఊళ్ళో ట్రాక్టరు సంగతి చూడండి. సాధారణంగా దీని క్లచ్చి ప్లేటు గేరుబాక్సు ఆయిలులో ఉండదు, ముందు వేరే గదిలో పొడిగా ఉంటుంది. గేర్లంటారా, పన్నుకు పన్ను పట్టుకుని తిరిగేవి. వాటికి పట్టు ఇవ్వడం ఆయిలు పని కాదు. పళ్ళ మధ్య పొరగా నిలిచి అరుగుదల తగ్గించడం, వేడిని లాక్కుపోవడం దాని పని. ఇనుప రజను కలిసిన ఆయిలు అక్కడ గరుకు కాగితంలా పనిచేస్తుంది గాని పట్టు ఇవ్వదు. వేసిన గేరు దానంతటది ఎగిరి వస్తోందంటే లోపల పళ్ళో, ఫోర్కులో, స్ప్రింగులో అరిగాయన్నమాట. పాత ఆయిలు దాన్ని ఆపలేదు. అంటే కారు కోసం పుట్టిన భయాన్ని తెచ్చి ట్రాక్టరుకు తగిలించాం!

పైగా ఆ ఆయిలు పడే కష్టం చిన్నది కాదు. చాలా ట్రాక్టర్లలో గేర్లకు, డిఫరెన్షియలుకు, వెనక లిఫ్టుకు అదే ఆయిలు. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆయిలు ఆక్సీకరణ వేగం సుమారు రెట్టింపవుతుందని రసాయనశాస్త్రంలో ఒక మోటు లెక్క. ఎండలో రోటవేటరు తిప్పే బండిలో ఏం జరుగుతుందో ఊహించుకోండి. దమ్ములో మరో శత్రువు, నీరు. ఇరుసు దాకా బురదలో దిగిన బండికి సీళ్ళు అరిగుంటే నీరు లోపలికి చేరుతుంది. ఆయిలు పాలవిరుగుడులా తెల్లబడుతుంది. బేరింగులకు తుప్పు, లిఫ్టుకు మొరాయింపు అక్కడే మొదలు.

"ముప్పై లీటర్లకు పైనే పడుతుంది, ఆ డబ్బెవడిస్తాడు?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. సన్నకారు రైతు కొనేది సెకండ్ హాండు బండి. ఆయిలు డబ్బాల ఖరీదు అతనికి భారమే. కాని గేరుబాక్సు విప్పాలంటే ట్రాక్టరును నడుముకు రెండుగా విడదీయాలి. అదీ దమ్ము రోజుల్లో! కాలవ నీటి వంతు దాటిపోతుంది, నారుమడిలో నారు ముదురుతుంది. ముదురు నారుకు పిలకలు తగ్గుతాయని రైతు బిడ్డకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ నష్టం ముందు ఆయిలు ఖర్చు ఎంత?

అలాగని కళ్ళు మూసుకుని మార్చెయ్యమనడం లేదు. కంపెనీ పుస్తకంలో ఎన్ని గంటలకని రాసి ఉందో చూడాలి. చాలావాటికి 1,000 గంటల దరిదాపుల్లో ఉంటుంది. ఏ రకం ఆయిలని రాసి ఉందో అదే పోయాలి. ముఖ్యంగా ఆయిలులో మునిగి ఉండే బ్రేకులున్న బండికి దానికి తగిన ఆయిలే ఉండాలి. చవకని ఏదో గేరు ఆయిలు పోస్తే బ్రేకులు కీచుమంటాయి, పట్టు తప్పుతాయి. బండి కాస్త వేడి మీదున్నప్పుడు వదిలితే మడ్డి కూడా దిగుతుంది. డ్రెయిను బోల్టుకు మెత్తని బూడిదరంగు ముద్ద అంటుకుంటే కంగారు లేదు. ఇనుప పెచ్చులు కనపడితే మాత్రం మేస్త్రీని పిలవాలి. తీసిన ఆయిలు కాలవ గట్టున పారబొయ్యకూడదు. ఆ నీరే మన పొలానికి, మన పశువులకు వస్తుంది.

మిత్రులారా! ఏటా మనం ఎన్.ఎస్.ఎస్. శిబిరాలంటూ పల్లెలకు వెళుతున్నాం. రోడ్లు ఊడ్చి, ఫోటోలు దిగి వస్తున్నాం. ఈసారి ఒక పూట ట్రాక్టర్ల దగ్గర కూర్చుందాం. బాగా కాల్చిన రేకు ముక్కను మంట మీంచి దించి, దూరం నుంచి దానిమీద గేరు ఆయిలు చుక్క ఒకటి వేస్తే చాలు. నీరుంటే చిటపటలాడుతుంది, లేకపోతే నోరుమూసుకుని పొగ వదులుతుంది. "ముట్టుకోకు" అన్న మాటకు బదులుగా మనం ఇవ్వగలిగింది ఉపన్యాసం కాదు, ఆ చిటపటే. అది విన్న రైతు మార్చాలో వద్దో తనే తేల్చుకుంటాడు.