కిస్తీకి ఆషాఢం లేదు

పికప్ బండి ఎందుకు కొన్నావని కంకిపాడులోనో కైకలూరులోనో ఒక కుర్రాణ్ణి అడిగి చూడండి. బేరాలు బాగున్నాయని ముందు చెప్పడు. ‘ఫైనాన్స్ వచ్చిందండీ’ అంటాడు. కృష్ణా డెల్టాలో ఈ బండ్ల కథంతా ఆ ఒక్క ముక్కలోనే ఉందని నా అనుమానం.

బండికి ఇక్కడ పని లేదని కాదు. డెల్టాలో చాలా రోడ్లు కాలువ గట్లే. నాలుగు చినుకులు పడితే రేగడి పుంతలోకి లారీ దిగదు. ట్రాక్టరు దిగుతుంది గానీ, దాంతో బెజవాడ దాకా సరుకు తోలితే పొద్దెక్కిపోతుంది. ఆ రెంటి మధ్య సందులోకి 2005లో టాటా ఏస్ దూరింది. ముప్పాతిక టన్ను మోసే ఆ బుల్లి బండిని ఉత్తరాదివాళ్లు ఛోటా హాథీ అన్నారు. అంతకన్నా బరువు మోసే బొలెరో పికప్, దోస్త్ ఇప్పుడు ఊరూరా ఉన్నాయి. నున్న మార్కెట్‌కు మామిడి, కొల్లేరు పక్క చేపల చెరువు గట్టుకు మేత బస్తాలు, పెళ్లింటికి షామియానా, లారీ మెసలలేని వన్‌టౌన్ సందుల్లోకి కిరాణా సరుకు, అన్నీ వీటి మీదే.

అయితే పని ఉండటం వేరు, కొనగలగడం వేరు. డెల్టాలో దున్నేవాడిది కౌలు, పొలం యజమాని హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉంటాడు. బ్యాంకుకు వెళితే పాస్‌బుక్ అడుగుతారు. కౌలుదారుకు కార్డు ఇస్తామని 2019లో చట్టం తెచ్చారు, దానికీ యజమాని ఒప్పుకోలు కావాలన్నారు. యజమాని సంతకం పెట్టడు; పొలం పోతుందని భయం. అదే బండికైతే పొలంతో పనేముంది, బండే తాకట్టు. ఆర్‌సీ మీద ఫైనాన్సు కంపెనీ పేరు పడుతుంది, కిస్తీలు తప్పితే బండిని లాక్కుపోతారు, అంతే. పంటకు దొరకని అప్పు చక్రాలకు దొరుకుతుంది. కారు లైసెన్సుతోనే 7,500 కిలోల లోపు రవాణా బండి నడపొచ్చని సుప్రీంకోర్టు 2024 నవంబరులో ఖాయం చేశాక లైసెన్సు అడ్డూ లేదు.

దాంతో ఒకే సెంటర్లో ఒకే రకం బండ్లు పది చేరతాయి, కిరాయి పడిపోతుంది. మామిడి జూన్‌తో అయిపోతుంది. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు. ఊడ్పుల పనులు ఎక్కువగా ట్రాక్టర్లకే పోతాయి. కిస్తీ తేదీ మాత్రం ఠంచనుగా వస్తుంది. దాన్ని కట్టడానికి రెండు రోజుల సరుకు ఒక్క రోజే ఎక్కించి, కమానులు వంగిన బండితో గట్టెక్కే డ్రైవర్లను తప్పుపట్టడం తేలిక.

రాష్ట్ర ప్రభుత్వం కూడా అప్పు మీద బండ్లిచ్చే ఇదే దారి పట్టింది. 2021 జనవరి 21న బెజవాడ బెంజ్ సర్కిల్‌లో రేషన్ డెలివరీ బండ్లకు జెండా ఊపారు, రాష్ట్రమంతటికీ 9,260. ఒక్కోటి 5.81 లక్షలు: 60 శాతం సబ్సిడీ, 30 శాతం బ్యాంకు అప్పు, 10 శాతం లబ్ధిదారు వాటా. నెలకు 21 వేల దాకా ప్రభుత్వం ఇచ్చింది. ఇంటిముందుకు బియ్యం రావడం బాగుందా, డిపో బాగుందా అన్నది వేరే తగాదా. ఉపాధి అని చెప్పి చేతికిచ్చిన బండికి ఒకే ఒక్క కిరాయిదారు, ఆ కిరాయిదారు సర్కారు. 2025 జూన్‌లో ఆ కిరాయిదారు తప్పుకున్నాడు. నాలుగున్నరేళ్లు కూడా నిండలేదు.

సొంతానికి, సరదాకి కొనేవాళ్లూ లేకపోలేదు. మన శ్రీసిటీలోనే తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ తెల్ల నంబరు ప్లేటుతో బెంజ్ సర్కిల్ దాటుతుంటే తలలు అటే తిరుగుతాయి. దాని తొట్టిలో గడ్డిపరక పడ్డట్టు నేనైతే చూడలేదు. అమెరికాలోనూ దశాబ్దాలుగా అత్యధికంగా అమ్ముడయ్యేది ఫోర్డ్ ఎఫ్-సిరీస్ పికప్పే, అక్కడా చాలామందివి ఖాళీ తొట్లే. వాళ్ల ముచ్చట వాళ్లది. బండి ఖాళీగా తిరిగినా ఇంట్లో పొయ్యి ఆగదు.

కిరాయి మీద బతికేవాడికి ఖాళీ తొట్టే ప్రాణం తీస్తుంది. మేత వ్యాపారి తన బస్తాలు తాను మోసుకుంటాడు, మిగిలిన రోజుల్లో కిరాయికి తిప్పుతాడు, అతను నిలదొక్కుకుంటాడు. సొంత సరుకు లేనివాడు గుడివాడలో దింపి బెజవాడకు ఉత్త బండితో వస్తాడు, ఆ డీజిలు అతని జేబులోంచే. అప్పు కాగితాల్లో ఆధార్, పాన్, హామీదారు సంతకం అన్నిటికీ చోటుంది. ఆషాఢంలో తొట్టిలో ఏం వేస్తావయ్యా అని అడిగే గడి నాకెక్కడా కనిపించలేదు.