సీటు కింద గొట్టంలో



సైకిలు సీటు కింద బోల్టు వదులు చేసి, సీటును పైకి లాగి చూచినవారికి తెలుసు, ఆ గొట్టం లోపలంతా ఖాళీయే. అందులో గులకరాళ్ళు జారవిడిచి పెద్దలచేత చీవాట్లు తిన్న పిల్లలు మన ఇళ్ళల్లో లేకపోలేదు. యుద్ధకాలంలో ఇటలీ దేశంలో ఆ ఖాళీ గొట్టం ఎంతోమంది ప్రాణాలను మోసిందని చెప్పుకుంటారు. ఆ సంగతిని ఈ నెల మీతో పంచుకోవాలని మేము ఆశిస్తున్నాము.

ఆ సైకిలు జీనో బార్తాలీది. ఫ్లోరెన్సు పట్టణం పక్కన పోంతె ఆ ఎమా అనే ఊళ్ళో 1914లో ఒక కూలివాని ఇంట పుట్టాడు. చిన్నతనంలోనే సైకిళ్ళు బాగుచేసే దుకాణంలో పనికి కుదిరాడు. అక్కడినుండి పందెములకు వెళ్ళాడు. ఇటలీలో సైకిలు పందెమంటే చిన్న విషయం కాదు. దేశమంతటా సాగే 'జీరో' పందెం 1909లో మొదలైంది. దాదాపు మూడు వారాలు కొండలు ఎక్కుతూ, వానలో తడుస్తూ, ఒక్కోసారి మంచులో కూడా తొక్కాలి. లెన్యానో కంపెనీ సైకిలు మీద బార్తాలీ 1936లోను, 1937లోను దానిని గెలిచాడు. ఆ 1936లోనే అతని తమ్ముడు జూలియో ఒక పందెంలో ప్రమాదానికి గురై చనిపోయాడు. ఇక సైకిలు ముట్టుకోకూడదనుకున్నాడు బార్తాలీ. కాని మానలేదు. 1938లో ఫ్రాన్సు దేశపు పెద్ద పందెం కూడా గెలిచాడు. ఆ గెలుపును ముస్సోలినీకి అంకితం చేయలేదు.

ఆయన రోమన్ కాథలిక్కు. మన సంఘముల వాడు కాడు. పందెముల మధ్య కూడా ప్రార్థన మానని మనిషని ఆ దేశంలో కొందరు మెచ్చుకునేవారు, కొందరు ఎగతాళి చేసేవారు.

1943 సెప్టెంబరులో జర్మను సైన్యము ఇటలీని ఆక్రమించింది. యూదులను పట్టి మరణ శిబిరాలకు పంపడం మొదలైంది. ప్రాణం దక్కించుకోవాలంటే వేరే పేరుతో గుర్తింపు కాగితం కావాలి. అస్సీసి పట్టణంలో లుయీజి బ్రీజి అనే ముద్రాపకుడు, అతని కుమారుడు త్రెంతో తమ చిన్న అచ్చు యంత్రం మీద ఆ కాగితాలు రహస్యంగా అచ్చువేశారు. ఫ్లోరెన్సులో కార్డినలు ఎలియా దల్లా కోస్టా ఆధ్వర్యంలో యూదులను దాచిపెడుతున్నారు. ఈ రెండు ఊళ్ళకు మధ్య నూట డెబ్బై కిలోమీటర్ల దూరం. దారిలో సైనికుల తనిఖీలు. పందెగాడు రోజంతా రోడ్డు మీద సాధన చేస్తుంటే ఎవరికి అనుమానం వస్తుంది? ఫోటోలు, కాగితాలు సీటు గొట్టంలో చుట్టిపెట్టి బార్తాలీ అటూ ఇటూ తొక్కేవాడట. ఎవరైనా ఆపితే, వేగం కోసం కొలతపెట్టి బిగించిన సైకిలు, దయచేసి ముట్టుకోవద్దని చెప్పేవాడట.

'అట' అని ఎందుకంటున్నామో చెప్పాలి. బార్తాలీ జీవించినంతకాలం ఈ సంగతిని బయట చాటుకోలేదు. తన కుమారునికి చెప్పినప్పుడు కూడా ఎవరితోను అనవద్దని కట్టడి చేశాడని ఆ కుమారుడే తరువాత చెప్పాడు. అందుచేత ఈమధ్య కొందరు చరిత్రకారులు, గొట్టంలో కాగితాల కథకు ఆనాటి ఆధారాలు చాలవని రాస్తున్నారు. ఈ కథ విన్నప్పుడు మాకు వెంటనే నమ్మాలనిపించింది. అంత సులువుగా నమ్మాలనిపించింది గనుకనే జాగ్రత్తపడ్డాము. చరిత్రకారులు సాక్ష్యం అడగడం తప్పు కాదు. మంచి మనిషి గూర్చి అయినా లేనిది చెబితే అది అబద్ధమే కదా. అయితే ధర్మము రహస్యంగా చేయమని ప్రభువు కొండమీద చెప్పినదాన్ని ఒకడు నిజంగా పాటిస్తే, అతని వెనుక రసీదులు మిగులుతాయా?

అతని గూర్చి గట్టిగా చాటింపు వేసిన కథ వేరొకటుంది. 1948 జూలై 14న రోములో కమ్యూనిస్టు నాయకుడు తోల్యాత్తిని ఒకడు తుపాకితో కాల్చాడు. దేశం భగ్గుమంది. అప్పటికి ఫ్రాన్సు పందెంలో బార్తాలీ, బొబే అనే యువకుని కంటే ఇరవై ఒక్క నిమిషాలకు పైగా వెనుకబడి ఉన్నాడు. మరునాటి నుండి వరుసగా మూడు దశలు గెలిచి, చివరకు పందెమే గెలిచాడు. మొదటి గెలుపుకు సరిగ్గా పదేళ్ళ తరువాత, ముప్ఫై నాలుగేళ్ళ వయస్సులో! అతడే అంతర్యుద్ధాన్ని ఆపాడని పత్రికలు రాశాయి. ఇది కొంచెం ఎక్కువేనని మా అభిప్రాయం. తోల్యాత్తి బ్రతికి బయటపడడం, జనాన్ని శాంతపరచడం కూడా ఉన్నాయి మరి.

బార్తాలీ 2000 మే నెలలో కన్నుమూశాడు. 2013లో యెరూషలేములోని యాద్ వషేమ్ సంస్థ ఆయనను అన్యజనులలో నీతిమంతుల జాబితాలో చేర్చింది. కార్డినలు దల్లా కోస్టా, బ్రీజి తండ్రీకొడుకులు అంతకుముందే ఆ జాబితాలో ఉన్నారు.

గొట్టం సంగతి ఎలా తేలినా, నేలమాళిగ సంగతి ఒకటుంది. గోల్డెన్‌బెర్గ్ అనే యూదు కుటుంబాన్ని బార్తాలీ ఫ్లోరెన్సులో ఒక ఇంటి నేలమాళిగలో దాచాడు. దొరికితే దాచినవానికీ చావే. 1944 ఆగస్టులో ఆ పట్టణం విడుదలైంది. ఆ కుటుంబం ప్రాణాలతో బయటికి వచ్చింది. ఆ ఇంటి పిల్లవాడు జార్జో పెద్దవాడై ఇశ్రాయేలులో స్థిరపడి, ఎన్నో ఏళ్ళ తరువాత, తనను బ్రతికించినది ఎవరో పేరుపెట్టి చెప్పాడు. అప్పటికి బార్తాలీ లేడు.