సైకిల్ టూర్‌లో చార్జింగ్: చార్జర్ కొనే ముందు ఖర్చు చూసుకోండి

వెలిమెల నుంచి బీదర్ కోటకు సైకిల్ మీద వెళ్లి రావాలంటే రానూపోనూ సుమారు 220 కిలోమీటర్లు. రెండు రోజుల పని. పోయిన చలికాలం నేను బయల్దేరినప్పుడు హ్యాండిల్ మీద ఫోన్, బ్యాగులో 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్, క్యారియర్ మీద 10 వాట్ల మడత సోలార్ ప్యానెల్ ఉన్నాయి. ఇన్ని ఉన్నాక చార్జింగ్ గురించి బెంగ ఎందుకు అనుకున్నా.

రెండో రోజు సాయంత్రం సంగారెడ్డి దాటి కంది దగ్గరకొచ్చేసరికి ఫోన్ ఆగిపోయింది. పవర్ బ్యాంక్ అప్పటికే ఖాళీ. జేబులో ఒక్క నోటు లేదు, అంతా యూపీఐ. ఇంట్లో అమ్మకు ఫోన్ చేద్దామంటే నంబర్ నోటికి రాదు. వెనక లైటు కూడా మినుకుమినుకుమంటోంది. ముందు చూస్తే ఇస్నాపూర్, పటాన్‌చెరు మీదుగా లారీల మధ్య ఇంకా పాతిక కిలోమీటర్ల పైనే ఉంది.

రోడ్డు పక్కన చాయ్ హోటల్ నడిపే పెద్దాయన నా మొహం చూసి, "ముందు చార్జింగ్ పెట్టుకో బిడ్డా, పైసల సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. ఆ అరగంట అక్కడ కూర్చుని లెక్క వేసుకున్నా. తప్పు గ్యాడ్జెట్‌లది కాదు, నా లెక్కది.

డబ్బా మీద అంకె వేరు, చేతికొచ్చేది వేరు

పవర్ బ్యాంక్ మీద 10,000 అని ఉంటే అది లోపలి సెల్ సామర్థ్యం, 3.7 వోల్టుల దగ్గర. అంటే 37 వాట్ అవర్లు. బయటికి 5 వోల్టుల్లో వచ్చేసరికి కన్వర్షన్‌లో కొంత పోతుంది. అందుకే డబ్బా మీద చిన్న అక్షరాల్లో రేటెడ్ కెపాసిటీ అని 6,000 చిల్లర కనిపిస్తుంది. అసలు నమ్మాల్సింది ఆ చిన్న అక్షరాలనే. 5,000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీ అంటే దాదాపు 19 వాట్ అవర్లు. కాబట్టి ఈ పవర్ బ్యాంక్‌తో ఫోన్ రెండుసార్లు నిండుతుందనుకోకండి, ఒకటిన్నర సార్లు నిండితే గొప్ప.

ఇక ఖర్చు. ఎండలో బ్రైట్‌నెస్ మొత్తం పెంచి, మ్యాప్ ఆన్‌లో ఉంచి, డేటా వాడుతూ వెళ్తే నా ఫోన్ గంటకు 15 శాతం తాగేసింది. అంటే దాదాపు 3 వాట్లు. రోజుకు 8 గంటలు తొక్కితే 120 శాతం. ఫొటోలు, వీడియోలు, కాల్స్ దీని మీద అదనం. ఒక పవర్ బ్యాంక్ రెండు రోజులు ఎలా సరిపోతుంది చెప్పండి?

తొక్కి కరెంటు పుట్టిస్తే?

ఇది చాలామందికి వచ్చే ఆలోచనే. మన తాతల సైకిళ్లకు టైరుకు ఆనుకుని గిర్రున తిరిగే డైనమో ఉండేది గుర్తుందా? ఇప్పుడు అదే పని ముందు చక్రం హబ్‌లోనే జరుగుతుంది. హబ్ డైనమోకు ఉన్న మామూలు కొలత 6 వోల్టులు, 3 వాట్లు. అది కూడా గంటకు 15 కిలోమీటర్ల వేగం చుట్టుపక్కల. యూఎస్‌బీగా మార్చేటప్పుడు కొంత పోతుంది, చేతికి రెండు, రెండున్నర వాట్లు మిగులుతాయి. గాలి ఎదురైతే, ఎత్తు ఎక్కితే ఇంకా తక్కువ. ఆగితే సున్నా.

ఇప్పుడు రెండు అంకెలు పక్కపక్కన పెట్టండి. ఫోన్ స్క్రీన్, మ్యాప్ కలిసి తాగేది 3 వాట్లు. మీ కాళ్లు ఇచ్చేది రెండున్నర. అంటే రోజంతా తొక్కినా బ్యాటరీ నిండదు, కేవలం నెమ్మదిగా తగ్గుతుంది.

2010లో నోకియా సైకిల్ చార్జర్ కిట్ ఒకటి తెచ్చింది. వేగం గంటకు 6 కిలోమీటర్లు దాటితే చార్జింగ్ మొదలయ్యేది. 10 కిలోమీటర్ల వేగంతో పది నిమిషాలు తొక్కితే దాదాపు అరగంట మాట్లాడుకునేంత చార్జ్ వస్తుందని కంపెనీ చెప్పింది. అప్పుడు పనికొచ్చింది ఇప్పుడెందుకు చాలడం లేదు? అప్పటి ఫోన్‌కు చిన్న స్క్రీన్, కొద్దిపాటి ఆకలి. సైకిల్ చక్రం అదే, మన కాళ్లూ అవే. పెరిగింది ఫోన్ ఆకలి.

సోలార్ సంగతి

10 వాట్ల ప్యానెల్ సూర్యుడికి ఎదురుగా, కదలకుండా ఉంటేనే సగం పైన ఇస్తుంది. సైకిల్ కదులుతుంది, రోడ్డు వంకర తిరుగుతుంది, చెట్టు నీడ పడుతుంది. నీడ పడ్డప్పుడల్లా చార్జింగ్ తెగి మళ్లీ మొదలవుతుంది. ఫోన్‌ను నేరుగా ప్యానెల్‌కు తగిలిస్తే ఇంకో తిప్ప: ఎండకు వేడెక్కిన ఫోన్ చార్జింగ్‌ను తనే తగ్గించేస్తుంది, లేదా ఆపేస్తుంది. ప్యానెల్ వాడాలనుకుంటే పవర్ బ్యాంక్‌కు తగిలించి, దాన్ని ప్యానెల్ కింద నీడలో ఉంచండి.

మా వెలిమెల పక్కనే కొల్లూరు దాకా సోలార్ కప్పు ఉన్న సైకిల్ ట్రాక్ ఉంది. నార్సింగి, నానక్‌రాంగూడ వైపులు కలిపి 23 కిలోమీటర్లు, పైన 16 మెగావాట్ల ప్యానెళ్లు. 2023 అక్టోబర్‌లో ప్రారంభమైంది. దాని కింద హాయిగా తొక్కొచ్చు. కానీ మీ క్యారియర్ మీద ప్యానెల్ ఉందనుకోండి, అక్కడ దానికి దక్కేది నీడే.

నేను ఇప్పుడు ఏం చేస్తున్నానంటే

మొదటిది, స్క్రీన్ ఆఫ్. ముందు రోజే ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకుని, చెవిలో వాయిస్ మాత్రమే వింటా, అదీ ఒక్క చెవిలో. సిగ్నల్ సరిగా లేని చోట ఏరోప్లేన్ మోడ్. జీపీఎస్ దానికేమీ ఆగదు. దీంతో గంటకు 15 శాతం కాస్తా 4కు దిగింది. ఏ చార్జర్ కొన్నా ఇంత లాభం రాలేదు.

రెండోది, గోడ సాకెట్. చాయ్‌కి, టిఫిన్‌కి ఎలాగూ ఆగుతాం. రెండు పోర్టుల చిన్న చార్జర్ పెట్టుకుంటే ఒకదానికి ఫోన్, ఒకదానికి పవర్ బ్యాంక్. బ్యాటరీ సగం లోపు ఉన్నప్పుడే చార్జింగ్ వేగంగా ఎక్కుతుంది, 80 దాటాక నత్తనడకే. కాబట్టి వంద అయ్యేదాకా కూర్చోవద్దు, లేచి కదలండి.

మూడోది, వరస. ముందు లైట్లు, తర్వాత ఫోన్, ఆ తర్వాతే ఇయర్‌బడ్స్, కెమెరా. ఫోన్ ఆగితే ఇబ్బంది. హైవే మీద చీకట్లో వెనక లైటు ఆగితే ప్రాణం మీదికే వస్తుంది. ఇంకా, జేబులో రెండు వందల నోట్లు రెండు, కాగితం మీద ఇంటి నంబర్ ఒకటి. వీటికి చార్జింగ్ అక్కర్లేదు.

నాది ఇంకో మాట, ఇది రివ్యూలు రాసే మా గురించే. కంపెనీ ఇచ్చిన పెద్ద చార్జర్‌తో ఎన్ని నిమిషాల్లో నిండిందో గొప్పగా రాస్తాం. అదే ఫోన్ మామూలు యూఎస్‌బీ-సి చార్జర్‌తో అరగంటలో ఎంత ఎక్కుతుంది? మధ్యాహ్నం ఎండలో మ్యాప్ పెడితే గంటకు ఎంత తాగుతుంది? ఈ రెండూ రాయం. 120 వాట్ల చార్జింగ్ ఉందని కొన్న ఫోన్ వేరే చార్జర్ దగ్గర 10 వాట్లే తీసుకుంటే, చాయ్ హోటల్ సాకెట్ దగ్గర ఆ 120 ఎందుకు పనికొస్తుంది? ఇకపై నా రివ్యూల్లో ఈ రెండు అంకెలూ ఉంటాయి.

ఆ రోజు కంది నుంచి చీకటి పడ్డాకే బయల్దేరా. చాయ్ డబ్బులు ఫోన్ ఆన్ అయ్యాక కొట్టా. ముందుగా వెనక లైటుకే చార్జింగ్ పెట్టించింది మాత్రం ఆ పెద్దాయనే.