కథ మనది – చెప్పేదీ మనమే!

ఏప్రిల్ 14 రాత్రి 7 గంటలకు అంబేడ్కర్ విగ్రహం దగ్గరకు రండి

పేటలోని అక్కల్లారా, అన్నల్లారా, అవ్వల్లారా, తాతల్లారా!

ఏటా బాబాసాహెబ్ అంబేడ్కర్ జయంతికి దండ వేస్తున్నాం, కేకు కోస్తున్నాం, డీజే పెడుతున్నాం. ఈసారి ఆ రాత్రి డీజే ఆపుదాం. విగ్రహం చుట్టూ చాపలు పరుచుకుని, ఎవరి బతుకు వాళ్ళు నోరారా చెప్పుకుందాం. మన గురించి కుల సర్టిఫికెట్‌లో ఒక మాట ఉంది, ఊళ్ళో ఒక మాట ఉంది. మన నోట మన మాట రావాలి.

బాబాసాహెబ్ తన కథ తానే చెప్పారు

1901లో సతారా నుంచి చిన్నారి భీమ్‌రావ్, అన్నతోనూ అక్క కొడుకులతోనూ కలిసి కోరేగావ్‌లో ఉన్న నాన్న దగ్గరకు బయలుదేరాడు. మసూర్ స్టేషన్‌లో దిగారు. మంచి బట్టలు చూసి ఆదరంగా పలకరించిన స్టేషన్ మాస్టర్, అంటరానివాళ్ళుగా చూసే మహర్ కులం వాళ్ళమని చెప్పగానే ముఖం మార్చాడు. బండివాళ్ళెవరూ ఎక్కించుకోలేదు. చివరికొకడు రెట్టింపు కిరాయికి ఒప్పుకున్నా, బండి పిల్లలే తోలుకోవాలన్నాడు. మూటలో తిండి ఉంది, తాగే నీళ్ళు లేవు. పోసేవాళ్ళూ లేరు. ఆ రాత్రి పిల్లలు పస్తు పడుకున్నారు.

అంత చదువు చదివాక కూడా ఆయన ఈ సంగతి దాచుకోలేదు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసిపెట్టారు. అంటరానితనం తెలియని వాళ్ళకు తెలియజెప్పడానికి, జరిగింది జరిగినట్టు చెప్పే దారి ఎంచుకున్నారు. 1927 మార్చి 20న మహద్‌లో మనవాళ్ళను ముట్టనివ్వని చవదార్ చెరువు నీళ్ళు తాగి వేలమందిని నడిపించింది ఆ దాహం తెలిసిన మనిషే.

ఒక కథకు ఎంత బలం?

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాలు దిద్దుకునే ఆడవాళ్ళు వాచకంలో సీతమ్మ కథ చదివారు. తాగుడు కూల్చిన ఇంటి కథ అది. అందులో తమ ఇల్లే కనిపించింది. దూబగుంట రోశమ్మ లాంటి వాళ్ళు ముందు నిలబడి సారా కొట్టు మూయించారు. ఉద్యమం ఊరూరా పాకింది. 1993 అక్టోబర్ 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఎవరింట్లో వాళ్ళు ఏడ్చుకున్నంతకాలం అది తలరాత. పదిమందీ ఒకచోట చెప్పుకున్నాక దానికి సర్కారు జవాబు చెప్పాల్సి వచ్చింది.

ముందు నా కథ

ఈ కరపత్రం రాసిన నేను ఈ పేట పిల్లనే. డిగ్రీకి టౌనుకెళ్ళినప్పుడు గది కోసం ఐదిళ్ళు తిరిగాను. ప్రతి గడపలోనూ "మీరేంటోళ్ళమ్మా?" అన్న ప్రశ్నే. ఆరో ఇంట్లో ఇంటిపేరు మార్చి చెప్పాను. గది దొరికింది. అమ్మ చూడ్డానికి వచ్చినప్పుడల్లా బస్టాండుకే ఎదురెళ్ళి, క్యారియర్ అక్కడి బల్ల మీదే విప్పుకు తిని, అట్నుంచటే పంపించేసేదాన్ని. నా గది ఎలా ఉంటుందో అమ్మ చూడనే లేదు. ఎందుకని ఒక్కసారీ అడగలేదు. ఆ సిగ్గు కులం అడిగినవాళ్ళది, నాది కాదు. అది తెలుసుకోవడానికి నాకు ఏళ్ళు పట్టింది. ఏప్రిల్ 14న అమ్మ పక్కన కూర్చుని ఈ మాట అందరి ముందూ చెబుతాను.

ఏం చెప్పుకుందాం?

● బడిలో, హాస్టల్లో, అద్దె ఇంట్లో, పనిలో తగిలిన మాట.
● టీకొట్టు దగ్గర గ్లాసు, బావి దగ్గర బిందె, శ్మశానానికి దారి.
● కూలి పెంచమని అడిగిన రోజు. ఎదురు తిరిగి గెలిచిన రోజు.
● తాత డప్పు, అవ్వ పాట, నాన్న చేతిపని. మనం ఏడుపు మాత్రమే కాదు, గర్వం కూడా.

మన కట్టుబాట్లు

● చెప్పమని ఎవరినీ బలవంతపెట్టం. వినడానికే వచ్చినా చాలు.
● అనుమతి లేకుండా ఫోన్లో తీయకూడదు, గ్రూపుల్లో పెట్టకూడదు.
● ఆడపిల్లల కథ వాళ్ళు కోరితే పేరు లేకుండా రాస్తాం.
● చదువుకున్న పిల్లలు పెద్దల మాటను వాళ్ళ యాసలోనే రాసి, తిరిగి చదివి వినిపించాలి.

చెప్పాక ఏం చేద్దాం?

నలుగురి కథల్లో ఒకే అన్యాయం కనిపిస్తే అది అర్జీ అవుతుంది. శ్మశానం దారి, ఇళ్ళ స్థలాలు, కూలి బాకీలు, ఏదైనా సరే అందరం కలిసి సోమవారం గ్రీవెన్సులో ఇద్దాం. దౌర్జన్యం జరిగి ఉంటే 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. ఫిర్యాదుకు 14566, ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబర్లకు ఫోన్ చేయవచ్చు. ఒంటరిగా వెళ్ళొద్దు, తోడు మేం వస్తాం.

అవ్వలను చెయ్యి పట్టుకుని తీసుకురండి. వాళ్ళతో పాటే పోతున్న కథలను ఈ ఏడాదైనా పట్టుకుందాం.

దాచుకున్న బాధ బరువు – పంచుకున్న బాధ బలం!
మన కథ మనమే చెబుదాం – మన హక్కు మనమే అడుగుదాం!

ఇట్లు,
పేట మహిళలు, యువజనులు

(చదివి పక్కింటికి ఇవ్వండి. చదవలేని వాళ్ళకు చదివి వినిపించండి.)