రెండు భాషల బడిలో రెండు విండోలు

బళ్ళారి ప్రాంతంలో కన్నడ, తెలుగు మాధ్యమాలు రెండూ నడిచే పాఠశాలలో పనిచేసే ఉపాధ్యాయులం మేము. గత సంవత్సరం మా బడిలో ఏడో తరగతి అర్ధవార్షిక గణితం పరీక్షలో ఒక లెక్క ఇచ్చాం. దీర్ఘచతురస్రం పొడవు వెడల్పుకు రెండింతలు, చుట్టుకొలత ఇంత, వెడల్పు ఎంత అన్నది ప్రశ్న. కన్నడ పత్రంలో చుట్టుకొలత 54 సెంటీమీటర్లు అని ఉంది. తెలుగు పత్రంలో 45 అని పడింది. జవాబుల పత్రంలో ఉన్నది 9. తెలుగు పిల్లలు తమకిచ్చిన అంకెతో సరిగ్గానే లెక్క చేసి 7.5 అని రాశారు. మేము వరుసగా సున్నాలు వేసుకుంటూ పోయాం.

తప్పు పట్టుకున్నది మేము కాదు, ఒక తల్లి. పక్కింటి అబ్బాయి కన్నడ ప్రశ్నపత్రాన్నీ తన కూతురి తెలుగు ప్రశ్నపత్రాన్నీ పక్కపక్కన పెట్టి చూసిందామె. మరునాడు రెండూ పట్టుకుని బడికి వచ్చింది. మార్కులు సరిచేశాం, పిల్లలకు క్షమాపణ చెప్పాం. ఆమె ఇంట్లో చేసిన పని మేము కంప్యూటరు ముందు కూర్చుని ఎందుకు చేయలేదన్న ప్రశ్న మాత్రం మిగిలింది.

ఆ రోజు జరిగింది దాచుకోవలసినది కాదు, సాటి ఉపాధ్యాయులందరికీ తెలిసిన కథే. మొదట రాసుకున్న అంకె 45. జవాబు పూర్ణసంఖ్య రావాలని తరువాత 54 చేశాం. ఆ సమయానికి తెర మీద ఆరు ఫైళ్ళు తెరిచి ఉన్నాయి: కన్నడ పత్రం, తెలుగు పత్రం, జవాబుల పత్రం, శాఖ నుంచి వచ్చిన సుత్తోలె, పాఠ్యపుస్తకం, నిరుటి ప్రశ్నపత్రం. ప్రతిదీ తెర నిండా పరుచుకుని ఉంది. ఒకటి చూడాలంటే ఇంకొకటి దాచాలి. కింద పట్టీలో ఫైళ్ళ పేర్లు సగం కత్తిరించి కనబడతాయి. రెండు ప్రశ్నపత్రాల పేర్లూ 'అర్ధవార్షిక గణితం' అనే మొదలవుతాయి. పైగా కన్నడ లిపి, తెలుగు లిపి అక్కాచెల్లెళ్ళు. అలసిన కళ్ళకు ఏది ఏదో తెలియదు. దిద్దిన కన్నడ పత్రాన్నే మళ్ళీ తెరిచి, తెలుగులోనూ దిద్దేశామనుకుని మూసేశాం.

దీన్ని అజాగ్రత్త అని కొట్టిపారేయవచ్చు. మేము ఒప్పుకోం. ఒకే భాషలో ప్రశ్నపత్రం తయారుచేసే ఉపాధ్యాయుడికి ఒక ఫైలు చాలు. మన బళ్ళలో ప్రతి కాగితమూ జంటగా పుడుతుంది. ఒకదానిలో జరిగిన దిద్దుబాటు రెండోదానికి చేరకపోతే నష్టపోయేది దాదాపు ఎప్పుడూ తెలుగు పిల్లలే, ఎందుకంటే తెలుగు పత్రం ఎప్పుడూ రెండోదే. కాబట్టి రెండు విండోలను ఒకేసారి కళ్ళ ముందు ఉంచుకోవడం మన బళ్ళకు తప్పనిసరి పని. శిక్షణ తరగతుల్లో దాన్ని నేర్పాలి.

పని పెద్దదేమీ కాదు. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో రెండు ఫైళ్ళూ తెరిచి, వ్యూ ట్యాబ్‌లో 'వ్యూ సైడ్ బై సైడ్' నొక్కితే రెండూ పక్కపక్కన నిలబడతాయి. దానితోపాటే 'సింక్రనస్ స్క్రోలింగ్' పనిచేస్తుంది. ఒకదాన్ని కిందికి జరిపితే రెండోదీ జరుగుతుంది. కన్నడ వాక్యమూ తెలుగు వాక్యమూ ఒకే పొడవు ఉండవు కాబట్టి రెండు పేజీలు దాటాక వరుసలు తప్పుతాయి. అప్పుడు ఆ సదుపాయాన్ని ఒకసారి ఆపి, ప్రశ్న సంఖ్యలు ఎదురెదురుగా వచ్చేలా జరిపి, మళ్ళీ మొదలుపెట్టాలి. ప్రతి విభాగాన్నీ కొత్త పేజీలో మొదలుపెడితే ఈ తిప్పలు తగ్గుతాయి. లిబ్రె ఆఫీస్ వాడేవారు ఒక విండోలో ఉండి విండోస్ మీటతో పాటు ఎడమ బాణం, రెండోదానిలో కుడి బాణం నొక్కితే చాలు, తెర సగం సగం అవుతుంది. ఆరు ఫైళ్ళలో ఆ క్షణానికి అక్కర్లేని నాలుగూ మూసేయడం మంచిది. ఫైలు పేరు మొదట్లోనే 'తెలుగు' అనో 'కన్నడ' అనో రాస్తే కింద పట్టీలో పేరు తెగినా తేడా తెలుస్తుంది.

వర్డ్‌లోనే ఉన్న 'న్యూ విండో' గురించి ఒక మాట. అది ఒకే ఫైలును రెండు విండోల్లో చూపుతుంది. పైన ప్రశ్న, చివర జవాబు ఒకేసారి చూసుకోవచ్చు. ఒకచోట దిద్దితే రెండోచోటా మారుతుంది, ఎందుకంటే ఉన్నది ఒకటే ఫైలు. 'సేవ్ యాజ్' చేసి కొత్త పేరు పెడితే మాత్రం అది వేరే కాపీ. ఒకచోట దిద్దినది రెండోచోట మారదు. ఈ తేడా తెలియక పాత కాపీని అచ్చుకు పంపిన బళ్ళు ఉన్నాయి, మాతో సహా.

ఇంత ఎందుకు, ఒకే ఫైలులో రెండు నిలువు వరుసల పట్టిక వేసి ఎడమ కన్నడ, కుడి తెలుగు రాసుకోవచ్చు కదా అని మా సహోద్యోగి ఒకరు అంటారు. చిత్తుప్రతికి అది మంచి పద్ధతే. అచ్చుకు పంపేముందు విడదీయక తప్పదు, విడదీశాక చివరి నిమిషపు దిద్దుబాట్లు రాకా తప్పవు. యంత్రానువాదం ఉండగా ఈ శ్రమ దేనికని ఇంకొందరు అడుగుతారు. కన్నడలో 'విస్తీర్ణ' అన్నది మన పిల్లలకు 'వైశాల్యం'. యంత్రం ఏ మాట ఇస్తుందో చెప్పలేం. పిల్లవాడు పుస్తకంలో చదివిన మాటే పరీక్షలో కనబడాలి. అది సరిచూడటానికి మళ్ళీ రెండు విండోలే కావాలి.

రెండు విండోల మధ్య తిరిగేటప్పుడు కీబోర్డు భాష మారకపోవడం మరో బాధ. తెలుగు పత్రంలో కన్నడ అక్షరాలు పడతాయి. విండోస్ మీట, స్పేస్ బార్ కలిపి నొక్కితే భాష మారుతుంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకున్నవారికి ఇంకో మేలు ఉంది: 'క' అక్షరం తెలుగుకైనా కన్నడకైనా ఒకే మీట మీద ఉంటుంది. ఒక భాషలో టైపు నేర్చినవారికి రెండోది చాలావరకు వచ్చేసినట్టే. రెండు పత్రాలూ యూనికోడ్‌లోనే ఉండాలి. పాత ఫాంట్లలో ఉన్న ఫైలు నుంచి తెచ్చి అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి.

రాజ్యాంగం 350-ఎ అధికరణం అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు తగిన సౌకర్యాలు కల్పించమంటుంది. ఏ తరగతి పిల్లలకైనా తప్పుల్లేని ప్రశ్నపత్రం ఆ సౌకర్యాల్లో ఒకటని మేము అనుకుంటాం. శాఖ వారిని మేము అడిగేది ఒకటే. ఉపాధ్యాయుల కంప్యూటర్ శిక్షణలో భాషా అల్పసంఖ్యాక బళ్ళకు ఒక పూట కేటాయించి, జంట పత్రాల పని నేర్పండి. ఎస్.డి.ఎం.సి. సభ్యులకు, తల్లిదండ్రులకు ఒక విన్నపం. బడిలోని చిన్న తెర మీద రెండు పేజీలు పట్టవు. ఈసారి నిధులు వచ్చినప్పుడు పెద్ద తెర ఒకటి కొనే మాట సమావేశంలో ఎత్తండి.

మా బడిలో ఇప్పుడు ఒక నియమం పెట్టుకున్నాం. ప్రశ్నపత్రం అచ్చుకు వెళ్ళేముందు ఇద్దరు ఉపాధ్యాయులు ఒకే తెర ముందు కూర్చుంటారు. ఒకరు కన్నడ పత్రంలోని అంకెలు పైకి చదువుతారు, రెండోవారు తెలుగు పత్రంలో చూసి ఔనంటారు. ఇరవై నిమిషాలు పడుతుంది. ఈ సంవత్సరం అర్ధవార్షిక పరీక్షల తరువాత ఆ తల్లి మళ్ళీ రెండు పత్రాలూ పోల్చి చూసిందట. ఈసారి బడికి రావలసిన అవసరం ఆమెకు కలగలేదు.