తలసేమియా పిల్లలు, వైరస్‌ల ముప్పు

తలసేమియా, సికిల్‌ సెల్‌ వంటి వారసత్వ రక్తవ్యాధులున్నవారికి ఏ వైరస్‌ అయినా ఇట్టే సోకుతుందన్న అభిప్రాయం సగమే నిజం. అసలు ముప్పు వైరస్‌ సోకిన తర్వాత ఒంట్లో జరిగేదానిలో ఉంది, చికిత్స కోసం ఎక్కించే రక్తంలో ఉంది.

పార్వో వైరస్‌ బి19నే తీసుకోవచ్చు. బడిపిల్లల్లో కాస్త జ్వరం, బుగ్గలపై ఎర్రటి దద్దుర్లు తెప్పించి పోయే ఈ వైరస్‌, ఎముక మజ్జలో ఎర్రకణాలుగా ఎదగాల్సిన కణాల్లో చేరి వారం పది రోజులపాటు ఉత్పత్తిని ఆపేస్తుంది. ఆరోగ్యవంతుల ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది కనుక ఆ లోటు వారికి తెలియనే తెలియదు. సికిల్‌ సెల్‌ రోగిలో దాని ఆయుష్షు 10 నుంచి 20 రోజులే. అందుకే హిమోగ్లోబిన్‌ కొద్ది రోజుల్లోనే ప్రాణాపాయ స్థాయికి పడిపోతుంది. లండన్‌ వైద్యులు 1981లో ఈ సంబంధాన్ని గుర్తించారు. టీకా ఇప్పటికీ రాలేదు. వేళకు రక్తం ఎక్కించడమే ప్రాణం నిలిపే మార్గం.

కృష్ణా డెల్టాలో వానల వెంట వచ్చే డెంగీతో చిక్కు వేరు. హెమటోక్రిట్‌ (రక్తంలో ఎర్రకణాల వాటా) మామూలు కంటే 20 శాతం పెరిగితే రక్తనాళాల నుంచి ప్లాస్మా కారుతోందని వైద్యులు పసిగడతారు. తలసేమియా రోగిలో ఆ అంకె ముందే తక్కువ. జ్వరంలో ఎర్రకణాలు చితికితే మరింత దిగుతుంది. దాంతో ప్రమాదం కంటికి కనబడదు. రోగి మామూలు అంకె రాసిన కార్డు ఎప్పుడూ వెంట ఉండటం అందుకే అవసరం. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడ సింగ్‌నగర్‌ రోజుల తరబడి నీటిలో ఉండిపోయింది. అలాంటప్పుడు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించుకోవాల్సిన పిల్లలకు ఆస్పత్రి దారి మూసుకుపోవడం మొదటి గండం, నీరు తీశాక పెరిగే దోమలు రెండోది. వరద సహాయ ప్రణాళికల్లో ఈ పిల్లల పేర్లు ముందే నమోదై ఉండాలి.

అన్నిటికంటే నివారించదగిన ముప్పు రక్తం ద్వారా వచ్చేది. హెచ్‌ఐవీ, హెపటైటిస్‌ బి, సి పరీక్షలు ప్రతి రక్తనిధిలోనూ తప్పనిసరి. అయితే దాతకు కొత్తగా సోకిన వైరస్‌ మామూలు పరీక్షలకు కొన్నాళ్లపాటు దొరకదు. వైరస్‌ జన్యుపదార్థాన్నే వెదికే న్యాట్‌ పరీక్ష ఆ వ్యవధిని బాగా తగ్గిస్తుంది, కానీ పూర్తిగా తొలగించలేదు. దేశమంతటా అది ఇంకా తప్పనిసరి కాలేదు. 2025 అక్టోబరులో జార్ఖండ్‌లోని చైబాసాలో రక్తం ఎక్కించుకున్న తలసేమియా పిల్లల్లో హెచ్‌ఐవీ బయటపడింది. ఖర్చు ఎక్కువన్న వాదన ఈ పిల్లల విషయంలో నిలవదు. ఏటా 13 నుంచి 26 సార్లు, అదీ జీవితాంతం, ఆ ముప్పును మోసేది వాళ్లే. కనీసం వాళ్లకిచ్చే ప్రతి యూనిట్‌కైనా న్యాట్‌ చేయాలి.

హెపటైటిస్‌ బికి టీకా ఉంది. సికి లేదు గానీ, సాధారణంగా 12 వారాల మాత్రలతో చాలామందిలో నయమవుతోంది. పదేపదే రక్తం ఎక్కించడంతో కాలేయంలో ఇనుము పేరుకునే పిల్లలకు ఆ మందులు మొదలుపెట్టడంలో జాప్యం తగదు.