గాయములతో లేచిన విజేత

చెడుగుపై మంచి గెలిచిన దినములను పండుగలుగా చేసికొనుట మన దేశమున అనాదిగా వచ్చుచున్న ఆచారము. నరకుడు కూలెను గనుక దీపావళి వచ్చినది. మహిషుడు కూలెను గనుక విజయదశమి వచ్చినది. ఈస్టరు సైతము అట్టి పండుగయే యని సర్వమత సభలలో వక్తలు చెప్పుచుందురు. సద్భావముతో చెప్పు మాట గనుక ఎవ్వరును ఆక్షేపింపరు. కాని కథను దగ్గరగా చదివినవానికి ఒక చిక్కు ఎదురగును. ఇందులో కూలినవాడెవడు?

పొంతి పిలాతు కూలలేదు. క్రీ. శ. 26 మొదలు 36 వరకు అతడు యూదయను పాలించెను. యేసునకు సిలువ శిక్ష విధించిన తరువాత గూడ కొన్ని యేండ్లపాటు ఆ పీఠముననే కూర్చుండెను. ప్రధానయాజకుడగు కయప పదవికిని అప్పట్లో భంగము రాలేదు. రోములో తిబెరి కైసరు 37లో మరణించువరకు రాజ్యము చేసెను. సిలువలును ఆగలేదు. 70లో తీతు సేనలు యెరూషలేమును ముట్టడించినపుడు, పట్టుబడిన యూదులను నగరపు గోడల యెదుట సిలువ వేసిరనియు, తుదకు సిలువలు నాటుటకు చోటు చాలకపోయెననియు జోసీఫసు అను యూద చరిత్రకారుడు వ్రాసినాడు. మరి ఏ ధైర్యముతో క్రైస్తవుడు చెడుగు ఓడిపోయినదనుచున్నాడు? ఈ ప్రశ్నను తప్పించుకొని చేయు ఈస్టరు ప్రసంగము ఎంత మధురముగ నున్నను వట్టి పండుగమాటయే యగును.

ఈ విషయమున సువార్తలు చూపిన సంయమము ఆశ్చర్యకరము. సమాధిలో ప్రాణము తిరిగివచ్చిన ఆ క్షణమును నాలుగింటిలో ఒక్క సువార్తయు వర్ణింపలేదు. రాయి దొర్లియున్నది, లోపల దేహము లేదు, అంతియే. అతిప్రాచీనములగు సైనాయి, వాటికను ప్రతులలో మార్కు సువార్త, స్త్రీలు భయపడి పారిపోవుటతోనే ముగియుచున్నది. జయగాథకు ఇది తగిన ముగింపు కాదని తోచినదో యేమో, ఇతర ప్రతులలో మరికొన్ని వచనములు చేరినవి. ఆనాటి న్యాయసభలలో స్త్రీల సాక్ష్యమునకు విలువ తక్కువ. ఐనను నాలుగు సువార్తలును మగ్దలేనే మరియను ఆ సమాధికడనే నిలిపినవి. కథ కల్పించువాడు అట్టి సాక్షిని ఏరికొనడు. (పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో, లేచినవానిని చూచినవారి పట్టిక యొకటి కలదు. అందు మరియ పేరు లేదు. పురుషులు వ్రాయు పట్టికలు ఎక్కడనైన నింతే.)

భాగవత కథలు విని పెరిగిన చెవి ఇచ్చట మరియొకదానికై ఎదురుచూచును. స్తంభము పగులవలెను, పిలాతు సభామంటపమున లేచినవాడు ప్రత్యక్షము కావలెను, కయప గడగడ వణకవలెను. అట్టిదేదియు జరుగలేదు. లేచిన క్రీస్తు తనను చంపించినవారి యెదుటికి పోనే లేదు. తనను విడిచి పారిపోయినవారి యొద్దకు పోయెను. తలుపులు మూసికొని దాగియున్న శిష్యులకు మొదట శాంతి పలికెను. తన్నెరుగనని మూడుమారులు బొంకిన పేతురునకును, అతని తోడివారికిని సముద్రతీరమున బొగ్గుల నిప్పుపై చేపలు కాల్చిపెట్టెను. పేతురు బొంకినదియు ఒక బొగ్గుల మంట యొద్దనే యని యోహాను మరువక చెప్పినాడు. ఆ తీరమున నిందావాక్యము ఒక్కటియు వినబడదు. ప్రేమించుచున్నావా యను ప్రశ్న మాత్రము మూడుమారులు వినబడును.

విజయమెక్కడ నున్నదో ఇచ్చట కొంత తెలియును. హింస మనిషిని చంపుటతో తృప్తిపడదు. బాధితుని సైతము తన వంటివానిగా మార్చుకొన్ననాడే అది పూర్తిగా గెలుచును. దెబ్బ తిన్నవాడు దెబ్బ కొట్టును, వాని కొడుకు మరల కొట్టును. వంశములు మారినను పగ మారదు. సిలువపై ఆ మార్పు జరుగలేదు. సర్వాధికారముతో లేచిన తరువాత, ప్రతీకారమునకు అడ్డు చెప్పువాడెవ్వడును లేని వేళ కూడ, జరుగలేదు. పగ అచ్చట సంతానములేక అంతరించినది. క్రైస్తవుడు జయమని పాడునది దీనినే.

ఇంకొకటి గమనింపవలసియున్నది. లేచిన దేహమున మేకుల గాయములు మాసిపోలేదు. తోమా వానిని చూచుటకే పట్టుబట్టెను, చూచెను. (దక్షిణదేశపు క్రైస్తవులకు ఈ తోమా పరాయివాడు కాడు. మదరాసులోని మైలాపూరున అతని సమాధి కలదని వారి పరంపరాగత విశ్వాసము.) మరణమునే జయించిన శక్తికి చర్మముమీది గాట్లను మాన్పుట కష్టమా? మాన్పక యుంచుటలోనే అర్థము కలదు. జరిగిన దానిని జరుగలేదని పునరుత్థానము చెప్పదు. నేరపు ఆనవాలు చెరపి అందరిని మరచిపొమ్మని కోరదు.

తెలుగులో పునరుత్థానము, పునర్జన్మము అను మాటలు రెండును ఒక్క తీరున మొదలగుటచేత వాని నడుమ పొరపాటు పడుట సులభము. పునర్జన్మమనగా మరియొక దేహమునకు పోవుట. ఉత్థానమనగా పడినవాడు పడినచోటనే లేచుట. గ్రీకు మూలమగు అనస్తాసిస్ అను మాటకును లేచి నిలుచుట యనియే అర్థము. ఆత్మకు చావులేదను సిద్ధాంతమును ఇది కాదు. ఆత్మ నిత్యమని నమ్మినవానికి మరణము వస్త్రము మార్చుట వంటిది. దానికై వగవ బనిలేదు. సొక్రటీసు ఆ నమ్మికతోనే విషపాత్రను ప్రశాంతముగ త్రాగెను. యేసు గెత్సేమనే తోటలో వేదనపడి చెమటోడ్చి ప్రార్థించెను. ఈ భేదమును ఆస్కార్ కుల్‌మన్ అను పండితుడు 1955లో హార్వర్డు విశ్వవిద్యాలయమున చేసిన ఉపన్యాసమున విప్పి చెప్పగా, క్రైస్తవులలోనే పలువురు ఆయనపై ఆగ్రహించిరి. అనేకులకు సొక్రటీసు మరణమే అందముగ తోచునేమో! పౌలు మాత్రము మరణమును శత్రువనియే పిలిచినాడు. శత్రువు గనుకనే దానిపై జయమను మాటకు అర్థము కలిగినది. ఆంధ్రదేశమున పెక్కుచోట్ల క్రైస్తవులు ఈస్టరునాటికి తమవారి సమాధులకు సున్నము వేసి, పూలు పెట్టి, వేకువజామున క్రొవ్వొత్తులు వెలిగించి అచ్చటనే కీర్తనలు పాడుదురు. సమాధుల పండుగ యనియు దానికి పేరు. దేహము విడిచిన చొక్కా యని తలచువాడు ఆ రాళ్లకు సున్నము వేయడు.

పాశ్చాత్య సంఘము చాలకాలము ఈ విజయమును వెనుకకు నెట్టి, ఋణపు లెక్కను ముందుకు తెచ్చినది. మానవుని పాపమువలన దేవుని గౌరవమునకు కలిగిన లోటును క్రీస్తు తీర్చెనని 1098 ప్రాంతమున అన్సెల్ము వాదించెను. ఆది సంఘపు చూపు అది కాదనియు, పాపము, మరణము, పిశాచము అను శక్తుల చెరనుండి దేవుడు మానవుని విడిపించిన పోరాటముగా వారు దానిని చూచిరనియు 1930లో స్వీడను వేదాంతి గుస్తాఫ్ ఔలెన్ గుర్తుచేసెను. తూర్పు సంఘము ఆ చూపును ఎన్నడును విడువలేదు. ఇస్తాంబులు నగరమున ఖోరా దేవాలయము కలదు. అది ఇప్పుడు మసీదు. దానిలోని 14వ శతాబ్దపు కుడ్యచిత్రమున క్రీస్తు ఒకచేత ఆదామును, ఒకచేత హవ్వను మణికట్టు పట్టి సమాధులనుండి పైకి లాగుచున్నాడు. కాళ్లక్రింద విరిగిన తలుపులు, చెల్లాచెదరైన గడియలు, తాళములు. చేత ఖడ్గము లేదు. రెండు చేతులును మనుష్యులను పట్టుకొనుటకే సరిపోయినవి.

ఖడ్గము వేరొక త్రోవను వచ్చినది. 312లో మిల్వియను వంతెన యొద్ద కాన్‌స్టంటైను క్రీస్తు చిహ్నము ధరించి యుద్ధము గెలిచెనని చెప్పుదురు. ఆనాటినుండియు జయమను మాటకు అర్థము మారసాగెను. 1099 జూలై 15న క్రూసేడు యోధులు యెరూషలేమును పట్టుకొని ముస్లిములను, యూదులను ఊచకోత కోసిరి. పిదప క్రీస్తు సమాధిపై కట్టిన దేవాలయమునకు పోయి స్తోత్రము చేసిరి. ఒక ఖాళీ సమాధికొఱకు ఊరినంతటిని సమాధి చేసిరి! పునరుత్థానమును ఇంతకంటె ఘోరముగ అపార్థము చేసికొన్న దినము క్రైస్తవ చరిత్రలో అరుదు. అన్యులెవ్వరో కాదు, ఆ కథను నమ్మినవారే దానిని ఓడించిరి.

జయము నిజమైనచో చెడుగు ఇంకను ఏల చెలరేగుచున్నదను ప్రశ్నకు కుల్‌మన్ 1946లో ప్రచురించిన గ్రంథమున యుద్ధమునుండియే ఒక పోలిక తెచ్చెను. నిర్ణయాత్మకమైన పోరు ముందే ముగిసిపోవచ్చును. జయదినము తరువాత ఎప్పుడో రావచ్చును. 1944 జూన్ 6న మిత్రసేనలు నార్మండీ తీరమున దిగినవి. ఐరోపాలో యుద్ధము 1945 మే 8న గాని ముగియలేదు. పోలిక చక్కనిదే, కాని ఆ రెండు తేదీల నడుమ చచ్చినవారి మాట యేమి? హిట్లరును ఎదిరించిన జర్మను పాదరి డీట్రిచ్ బోన్‌హోఫర్ 1945 ఏప్రిల్ 8న, ఈస్టరు తరువాతి ఆదివారమున, తోడి ఖైదీలకు ఆరాధన జరిపెను. అది ముగియగనే పిలుపు వచ్చినది. మరునాటి వేకువను ఫ్లాసెన్‌బుర్గు శిబిరమున ఉరితీసిరి. అతనికి 39 ఏండ్లు. మే 8వ తేదీ ఇంక 29 దినముల దూరమున నున్నది. లేచుట యనునది ఇట్టివారికి వర్తింపనిచో, జయము బ్రదికి బయటపడినవారి సొత్తు మాత్రమే యగును. అప్పుడు దానికి అదృష్టమనియే పేరు పెట్టవలెను.

తెలుగు క్రైస్తవులలో అధికులు దళితులు. వారికి ఈ నడిమికాలము మిక్కిలి దీర్ఘమైనది. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరున ఎనమండుగురు దళితులను చంపిరి. వారిని పాతిపెట్టిన చోటు రక్తక్షేత్రమని పేరుపడినది. 2007లో ప్రత్యేక న్యాయస్థానము పలువురికి శిక్ష విధించెను. 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసెను. ఇట్టి చోట పునరుత్థానమును గూర్చి ఏమి చెప్పవలెను? పరలోకమున న్యాయము దొరకును, అందాక నోరెత్తకుడని చెప్పు బోధకులు లేకపోలేదు. అది గాయములు చెరిపివేసిన క్రీస్తును బోధించుటయే.

అపొస్తలుల కార్యములలో పేతురు గొంతు అట్లుండదు. మనుష్యుల న్యాయసభ దోషియని చంపినవానిని దేవుడు లేపెనని అతడు చెప్పుచున్నాడు. అనగా క్రింది తీర్పును పై న్యాయస్థానము రద్దుచేసినది. ఆ రద్దును క్రింది న్యాయమూర్తుల మొగముననే చదివి వినిపించుచున్నాడు. అతడును యోహానును నిలిచినది ఏ సభయెదుటనో కాదు. కయప కూర్చున్న సభయే అది. వీరు చదువులేని పామరులని సభవారు గ్రహించి విస్మయపడిరి. ఇకమీదట ఆ పేరెత్తరాదని బెదిరించి పంపివేసిరి. వారు పోయి దేవాలయపు మంటపమున ఆ పేరే మరల చెప్పిరి. మరల చెరసాలలో వేసిరి. బయటికి వచ్చి మరల చెప్పిరి. కయప ఇంకను ఆ పీఠముపైననే యున్నాడు.